ఎలాగూ వెళ్తున్నాం కదా!

తాడేపల్లిగూడెం నుంచి గానీ ఏలూరు నుంచి గానీ బెజవాడ బయల్దేరే మనిషి జేబులో ఒక చీటీ ఉంటుంది. జేబులో లేకపోతే బుర్రలో ఉంటుంది. డాక్టరుకు రిపోర్టులు చూపించడం, వస్త్రలతలో పెళ్లి బట్టలు, బీసెంట్ రోడ్డులో పిల్ల అడిగిన చెప్పులు, ఆసుపత్రిలో ఉన్న పెదనాన్నగారి పలకరింపు, కాస్త తీరిక దొరికితే కొండ మీద అమ్మవారి దర్శనం. మన వైపు నగరానికి వెళ్లడమంటే పని మీద వెళ్లడమే. పనేమీ లేదండీ, నాటకం చూసొచ్చాం అంటే పక్కింటావిడ నమ్మదు. పిల్లకు సంబంధం చూడ్డానికి వెళ్లి దాస్తున్నారనుకుంటుంది.

ఈ అధ్యాయంలో మనం అలవాటు చేసుకోబోయేది ఆ నమ్మలేని పనే. ఒక పద్యనాటకమో, సురభి వారి సంగీత నాటకమో చూడ్డానికి, అచ్చంగా అందుకోసమే, ఒక రోజు తీసిపెట్టడం. వినడానికి ఇది పెద్ద విషయంలా అనిపించదు. పెట్టి చూడండి. గడప దాటకముందే ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: "ఎలాగూ వెళ్తున్నాం కదా, పనిలో పనిగా..."

ఆ మాటకు లొంగిన రోజు ఎలా గడుస్తుందో మీకు తెలియంది కాదు. పొద్దున్నే ఇంద్రకీలాద్రి మీద క్యూ. మధ్యాహ్నం ఎండలో వన్‌టౌన్ సందులు. చేతినిండా సంచులు, సంచుల్లో ఒకటి ఆటోలో మర్చిపోయి దాని కోసం గంట వెతుకులాట. సాయంత్రం ఆరున్నరకు తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కుర్చీలో కూలబడేసరికి కాళ్లు పీకుతుంటాయి. తెర లేస్తుంది. కృష్ణుడు రాగం అందుకుంటాడు. హాల్లోని చల్లగాలికి కళ్లు మూతలు పడతాయి. ఇంటికొచ్చాక తీర్పు మాత్రం సిద్ధం: "పాత రోజుల్లోలా లేవండీ నాటకాలు." పాపం ఆ కృష్ణుడు చేసిన తప్పేమీ లేదు. తప్పంతా ఆ సంచులది.

అందుకని నియమం ఒక్కటే పెట్టుకోండి. నాటకానికి వెళ్లే రోజున నాటకమే పని. అమ్మవారు ఎక్కడికీ పోదు, ఇంకో రోజు వెళ్లి తీరిగ్గా దణ్ణం పెట్టుకోవచ్చు. చీరలూ అంతే. ఆ సాయంత్రం రంగు పూసుకున్న నటుడు మాత్రం మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో ఎవరికీ తెలియదు.

నాటకం మన దగ్గరికే వచ్చిన రోజులు

అసలు మనం నాటకం కోసం ప్రయాణం కట్టాల్సి రావడమే విడ్డూరం. పద్యనాటకానికి పుట్టిల్లు లాంటి నేల ఇది. 'గయోపాఖ్యానం' రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం 1867లో పుట్టింది ఖండవల్లిలో. 'చింతామణి' రాసిన కాళ్లకూరి నారాయణరావుది మత్స్యపురి. ఊరూరా 'కురుక్షేత్రం' పేరుతో ఆడే 'పాండవోద్యోగ విజయాలు' రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రిగారిది భీమవరం పక్కనున్న యండగండి. ఈ మూడు ఊళ్లనూ మధ్యాహ్న భోజనం వేళకు బయల్దేరి చీకటి పడేలోగా చుట్టిరావచ్చు. ఇక నటుల సంగతి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో 1907లో పుట్టిన బందా కనకలింగేశ్వరరావు ఏలూరులో ప్లీడరీ చేస్తూనే కృష్ణుడి వేషం కట్టాడు, చింతామణిలో బిల్వమంగళుడిగా పేరు తెచ్చుకున్నాడు, ప్రభాత్ థియేటర్ పేరుతో ఏలూరులోనే నాటక సంస్థ పెట్టాడు. ఇప్పుడు ఆటపాక పేరు చెబితే జనానికి పక్షులే గుర్తొస్తాయి. పక్షుల మీద నాకేం కోపం లేదు గానీ, ఆ ఊరి బోర్డు మీద బందా పేరు కూడా ఒక మూల ఉంటే బాగుండేది.

ఆ రోజుల్లో నాటకం మన ఊరికే వచ్చేది. తిరునాళ్లకో, సంక్రాంతికో, శ్రీరామనవమి పందిట్లోనో రాత్రి పదింటికి మొదలైతే కోడి కూసేదాకా సాగేది. కంట్రాక్టు నాటకాల జోరు మీద పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధం నాటికి మరొకాయన దిగేవారు. జనం చాపలూ దుప్పట్లూ తెచ్చుకుని నేల మీద స్థలం పట్టుకునేవాళ్లు. మధ్యలో కునుకు తీస్తే తప్పు లేదు. "రాయబారం వచ్చినప్పుడు లేపరా" అని పక్కవాడికి అప్పజెప్పి పడుకునే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. కథ అందరికీ తెలుసు, కాబట్టి ఎక్కడ లేచినా అందుకోవచ్చు.

ఇప్పుడు నగరంలో ఆడే నాటకం రెండు గంటలో, రెండున్నర గంటలో. హాలు అద్దెకు తీసుకున్నారు కనుక గడియారం చూసుకుంటూ ఆడాలి. నాలుగు పద్యాలు పాడే చోట రెండు పాడతారు, ఆలాపన కుదిస్తారు. చూసేవాడు అరగంట కునుకు తీస్తే నాలుగో వంతు నాటకం పోయినట్టే. మన తాతలకు అక్కర్లేని తయారీ మనకు అవసరమైంది ఇందుకే.

ఏ నాటకం, ఏ ఊరు

ముందు మీ ఊరి హాలు సంగతి కనుక్కోండి. ఏలూరు వై.ఎం.హెచ్.ఎ. హాల్లో నాటకాలు ఆడుతూనే ఉంటారు. పక్క వీధిలో మంచి ప్రదర్శన ఉండగా బెజవాడ బస్సెక్కిన ఏలూరు వాళ్లు తక్కువేం కాదు. గూడెం వాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. రైలు మీద విజయవాడ 108 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాజమండ్రి నలభై పైచిలుకే. కందుకూరి వీరేశలింగం 1880లో నాటకం ఆడించిన ఊరది. అక్కడి ఆనం కళాకేంద్రంలో ప్రదర్శన ఉందని తెలిస్తే, మీ నగరం అదే అనుకోండి. పైగా తిరుగు ప్రయాణంలో గంటకు పైగా నిద్ర మిగులుతుంది. కైకలూరు, మండవల్లి, ఆకివీడు వాళ్లకు గుడివాడ మీదుగా పోయే రైలు విజయవాడలోనే దింపుతుంది కాబట్టి వాళ్లకు బెజవాడే నయం.

కబురు ఎలా తెలుస్తుంది? పేపర్లో మీరు మడిచి పక్కన పడేసే జిల్లా పేజీ చూడండి. 'నేడు' అన్న శీర్షిక కింద రెండు లైన్లలో ఉంటుంది. వీరేశలింగంగారి పుట్టినరోజు ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు, ఆ వారంలో ఎక్కడో ఒకచోట తెర లేస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం నంది నాటకోత్సవాలు పెట్టిన ఏడాది పద్యనాటకాలకు విడిగా పోటీ ఉంటుంది, రోజంతా ఒకదాని తర్వాత ఒకటి ఆడతారు, టికెట్టు ఉండదు. 2023 డిసెంబరులో అవి గుంటూరులో జరిగాయి. పోటీ నాటకాలకు వెళ్లేవాళ్లకు ఒక సలహా. పొద్దున్నుంచి రాత్రిదాకా అన్నీ చూసేద్దామని కూర్చోకండి. ఒకటి ఎంచుకుని, దానికి గంట ముందు వెళ్లండి. మూడో నాటకానికి వచ్చేసరికి దుర్యోధనుడెవరో, హరిశ్చంద్రుడెవరో కలగాపులగం అయిపోతుంది.

తొలిసారి వెళ్లేవాళ్లు, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవాళ్లు, సురభితో మొదలుపెట్టడం మంచిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' ఆడించిన నాటి నుంచి ఆ కుటుంబాలకు నాటకమే బతుకు. బయట మగవాళ్లే చీరకట్టి ద్రౌపదులైన కాలంలో సురభిలో ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. వాళ్ల 'మాయాబజార్' చూస్తే మీ పిల్లాడి నోట సెల్‌ఫోను మాట కాసేపు రాదు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. ఇద్దరు వేసిన బాణాలు గాల్లో ఎదురెదురుగా కొట్టుకుని నిప్పులు రాలుతాయి. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతాయి. ఇదంతా తాళ్లతో, తీగలతో, రంగుల తెరలతో, పక్కన నిలబడ్డ మనుషుల చేతులతో చేసే పని. 'ఎలా చేశారు నాన్నా?' అని పిల్లాడు అడిగితే వెంటనే చెప్పకండి. తీగ కనిపించినా చెప్పకండి. వాడే కనిపెట్టనివ్వండి.

పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే 'కురుక్షేత్రం', లేదంటే 'సత్య హరిశ్చంద్ర'. కాటి సీను మాత్రం గుండె బరువెక్కిస్తుంది. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న వాళ్లను దానికి తీసుకెళ్లకండి. కొందరు పెద్దవాళ్లు 'చింతామణి' అడుగుతారు. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఎన్నాళ్లగానో అభ్యంతరం చెబుతూ రాగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. పుస్తకంగా చదువుకుంటే, అది వేశ్యావ్యసనం మీద రాసిన సంస్కరణ నాటకమని, నవ్వుల కోసం తర్వాత చేర్చిన సొంత మాటలే దాన్ని గబ్బు పట్టించాయని మీకే తెలుస్తుంది.

ఇంట్లో ఒప్పించడం

ప్రయాణంలో కష్టమైన భాగం ఇదే, టికెట్లు కాదు. నాటకం ఎందుకన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. సినిమాకు ఎవరూ 'ఎందుకు' అని అడగరు, పెళ్లికీ అడగరు. నాటకానికే అడుగుతారు.

ఇక్కడ తర్కం పనిచేయదు. సంస్కృతి, కళాసేవ అని మొదలుపెడితే అవతలివాళ్లు టీవీ గొంతు పెంచుతారు. దాని బదులు ఇంట్లో పద్యం తెలిసిన పెద్ద ప్రాణిని పట్టుకోండి. మన జిల్లాల్లో ఇంటికొకరు దొరుకుతారు.

"అత్తయ్యా, చిన్నప్పుడు మీరు చూసిన నాటకంలో కృష్ణుడు ఎవరండీ?"

"అబ్బో, అవన్నీ ఇప్పుడెందుకమ్మా! షణ్ముఖి ఆంజనేయరాజు వచ్చాడొకసారి. మా నాన్న నన్ను భుజాల మీద కూచోబెట్టుకుని చూపించాడు."

"పీసపాటి రాలేదా?"

"మా ఊరికి రాలేదు. ఆకివీడు వచ్చాడన్నారు. మా అన్నయ్యలు సైకిళ్లేసుకుని పోయారు, ఆడపిల్లనని నన్ను తీసుకెళ్లలేదు."

ఈ మాట వచ్చాక ఇక ఒప్పించేదేమీ లేదు. ఆవిడను తీసుకెళ్లడానికే మీరు వెళ్తున్నారు. ఇంట్లో ఎవరూ కాదనరు, అన్నా ఆవిడే నోరు మూయిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పక్కన కూర్చుని ఏ పద్యం తర్వాత ఏ పద్యమో చెప్పే మనిషి దొరికినట్టే.

ఎంతమంది వెళ్లాలి? ముగ్గురు, నలుగురు. కారు నిండా ఎక్కించుకుంటే వాళ్లలో ఒకరికి నాటకం ఇష్టం ఉండదు, ఆ ఒక్కరి ఆవలింత మిగతావాళ్లకు అంటుకుంటుంది. బలవంతం మీద ఎవరినీ తీసుకెళ్లొద్దు, సొంత తమ్ముడినైనా సరే.

చెవిని సిద్ధం చేసుకోవడం

సినిమాకు తయారీ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. పద్యనాటకం చెవితో చూసేది. మనలో చాలామందికి పద్యం ఘంటసాల గొంతులో, సినిమాలో, నిమిషంన్నరలో అయిపోయే వస్తువుగానే తెలుసు. ఘటోత్కచుడంటే నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు. 1957 నాటి 'మాయాబజార్' సినిమా బుర్రలో పెట్టుకుని స్టేజీ ముందు కూర్చుంటే, ఎదుట ఉన్న నటుడు ఎంత బాగా చేసినా ఆ కొలతకు చాలడు. కాబట్టి సినిమాను ఆ పూటకు ఇంట్లోనే వదిలేయండి.

దాని బదులు వెళ్లే ముందు వారం రోజులు పాత నటుల రికార్డులు వినండి. యూట్యూబులో పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి, ఎ.వి. సుబ్బారావు, ఈలపాట రఘురామయ్య అందరూ దొరుకుతారు. ఒకే పద్యాన్ని ఇద్దరి గొంతుల్లో వినండి. ఒకాయన మాట తెగ్గొట్టి అర్థం నిలబెడతాడు, ఇంకొకాయన రాగంలోకి వెళ్లిపోయి తాపీగా తిరిగొస్తాడు. రెండూ పద్ధతులే. మీకేది నచ్చుతుందో ముందే తెలిస్తే హాల్లో సగం పని అయిపోయినట్టే. పుస్తకం దొరికితే ఆ సీను పద్యాలు ఒకసారి పైకి చదువుకోండి. అర్థం కాని మాటలుంటాయి, ఫరవాలేదు. ఎవరు ఎవరితో అంటున్నారు, కోపంగానా ఎగతాళిగానా, అంతవరకు తెలిస్తే చాలు.

కొత్తవాళ్లు తికమకపడేది ఆలాపన దగ్గర. పద్యం అయిపోయింది, అర్థం తెలిసిపోయింది, ఇంకా ఈ 'ఆ... ఆ...' ఎందుకని అనిపిస్తుంది. ఆటపాక చెరువు దగ్గర గూడబాతు దిగడం చూడండి. చెట్టు కనిపిస్తూనే ఉంటుంది, అయినా నేరుగా వచ్చి వాలదు, రెక్కలు చాచి రెండు చుట్లు తిరిగి, గాలి చూసుకుని దిగుతుంది. నటుడు కూడా ఆఖరి స్వరం ఎక్కడుందో తెలిసే తిరుగుతుంటాడు. ఆ తిరిగేటప్పుడు అతని మొహం చూడండి, హార్మోనిస్టు వేళ్లు చూడండి. మన నాటకంలో హార్మోనియం, తబలా వాయించేవాళ్లు స్టేజీ పక్కనే, కనిపించేలా కూర్చుంటారు. నటుడు ఒక మెట్టు పైకి వెళ్తే హార్మోనియం వెంబడిస్తుంది, ఒక్కోసారి హార్మోనిస్టే ముందుకెళ్లి రెచ్చగొడతాడు. చూడ్డం తెలిస్తే కృష్ణుడు–దుర్యోధనుడి గొడవ ఎంత రంజుగా ఉంటుందో, ఈ ఇద్దరి గొడవా అంత రంజుగా ఉంటుంది.

లండన్‌లో సంగీత నాటకాల సంగతి వేరు. అక్కడ వాద్యబృందం స్టేజీ ముందు గుంటలో కూర్చుంటుంది, పాట ప్రతిరోజూ అదే కొలతలో నడుస్తుంది. 'లే మిజరాబ్లే' అక్కడ 1985లో మొదలైంది, సురభి పుట్టిన సరిగ్గా నూరేళ్లకు. ఆ నాటకం కోసం ఊళ్ల నుంచి రైళ్లెక్కి వచ్చేవాళ్లకు మధ్యాహ్నం ఆట ఉంటుంది, చూసుకుని పెందలాడే ఇంటికి చేరొచ్చు. పోటీలప్పుడు తప్ప మనకు మధ్యాహ్నం ఆటల్లేవు. కానీ మన నటుడు ఈరోజు పాడిన పద్యాన్ని రేపు ఇంకోలా పాడతాడు, జనం ఊపును బట్టి పెంచుతాడు, తగ్గిస్తాడు. జనం ఊపు అంటే మీరే. కాబట్టి నచ్చినచోట చప్పట్లు కొట్టండి. పద్యం చివర కొట్టాలి, ఆలాపన మధ్యలో కాదు. 'వన్స్‌మోర్' అనాలనిపిస్తే అనండి, సీనుకు ఒకసారి చాలు. మూడోసారి అడిగితే ఆయన పాడతాడు గానీ, రాయబారంలో పాడాల్సిన గొంతు అక్కడే ఖర్చయిపోతుంది.

ఆ రోజు

నాటకం సాయంత్రం ఆరున్నరకు అనుకుందాం. ఏలూరు నుంచి విజయవాడ 60 కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనం చేసి, గంట పడుకుని, మూడింటికి బయల్దేరినా సరిపోతుంది. ఆ గంట నిద్ర తప్పనిసరి, అందులో బేరాల్లేవు. గూడెం వాళ్లు పన్నెండుకే తిని ఒంటిగంటన్నరకు కదలాలి. రత్నాచల్ ఉంది కదా అనుకోకండి. మధ్యాహ్నం విశాఖలో బయల్దేరి సాయంత్రం పొద్దుపోయాక విజయవాడ చేరే బండి అది. మీరు ఆటో దిగేసరికి ప్రార్థన అయిపోయి ఉంటుంది. ముందు బండి చూసుకోండి, లేదంటే బస్సు.

కళాక్షేత్రం బస్టాండుకూ, రైల్వే స్టేషనుకూ రెండింటికీ దగ్గరే. ఐదింటికల్లా ఆ చుట్టుపక్కలకు చేరి టిఫిను అప్పుడే తినేయండి. ఇడ్లీ, ఉప్మా లాంటివి. నూనె పదార్థాలు వద్దు, నిద్ర తెస్తాయి. రాత్రి భోజనం సంగతి తర్వాత చూసుకోవచ్చు. టైముంటే ప్రకాశం బ్యారేజీ దాకా నడవండి. ఆ బ్యారేజీకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు కుర్రతనంలో రాజమండ్రిలో చిలకమర్తివారి నాటకాల్లో వేషాలు కట్టినవాడే. పిల్లలకు ఈ సంగతి బ్యారేజీ మీద నిలబడి చెబితే గుర్తుంటుంది.

హాల్లోకి అరగంట ముందే వెళ్లండి. ముందు వరుస సోఫాలు అతిథులకు, సన్మానం అందుకునేవాళ్లకు. వాటి వెనక నాలుగైదో వరుసలో హార్మోనియం ఉన్న వైపు కూర్చోండి. మరీ ముందుకెళ్తే స్పీకరు మోత, మరీ వెనకైతే మొహాలు కనపడవు. పెద్దవాళ్లకు నడవ పక్క కుర్చీ ఇవ్వండి, మధ్యలో లేవాల్సొస్తే ఎవరి మోకాళ్లూ తొక్కనక్కర్లేదు. శాలువా ఒకటి సంచిలో పెట్టుకోండి, బయట రోహిణి ఎండలున్నా లోపల చలేస్తుంది.

నాటకానికి ముందు సభ ఉంటుంది. ఉపన్యాసాలు, దుశ్శాలువాలు, జ్ఞాపికలు. ఇది ముప్పావు గంట తినొచ్చు. విసుక్కోకండి, ఆ దుశ్శాలువాల దాతల డబ్బుతోనే మనకు టికెట్టు లేకుండా పోయింది. ఆ సమయంలో ఫోన్లు చేసుకోండి, ఇంట్లో గేటు తాళం సంగతి కనుక్కోండి. తెర లేచాక మాత్రం ఫోను సంచిలోకి పోవాలి. వీడియో తీసేవాడు నాటకాన్ని అరచేతంత తెరలో చూస్తున్నాడు. అంతమాత్రానికి ఇంత దూరం రావక్కర్లేదు.

మన ఊళ్లలో నటుడు పాడుతుండగానే స్టేజీ ఎక్కి నోటు గుచ్చడం, మైకులో పేరు చదివించడం ఆనవాయితీ. నగరంలో ఆ పని చేయకండి. ఇవ్వాలనుంటే నాటకం అయ్యాక ఇవ్వండి, కవర్లో పెట్టి ఇవ్వండి.

నాటకం బాగాలేకపోతే? అలాగూ జరుగుతుంది. గొంతు పట్టేస్తుంది, మైకు కీచుమంటుంది, అర్జునుడు పద్యం మర్చిపోయి వింగులోకి చూస్తాడు. సగంలో లేచి వెళ్లకండి. ఒక సీను పాడైతే ఇంకో సీను లేస్తుంది. శకుని వేషం వేసినాయన ఒక్కడే మొత్తం నాటకాన్ని భుజాన వేసుకుని గట్టెక్కించే రోజులుంటాయి.

తిరుగు ప్రయాణం ముందే తేల్చుకోండి. విశాఖ వైపు రాత్రంతా రైళ్లున్నాయి, ఏలూరు వాళ్లకు దిగులు లేదు. పవర్‌పేట స్టేషనులో దిగాల్సినవాళ్లు ఆ బండి అక్కడ ఆగుతుందో లేదో చూసుకోవాలి, చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. బస్సెక్కితే కండక్టరును ఒక్క ప్రశ్న అడగండి: ఊళ్లోకి వెళ్తుందా, బైపాస్ మీదుగానా? అర్ధరాత్రి హైవే మీద దిగి, నిద్రలో ఉన్న పిల్లాడిని భుజాన వేసుకుని ఆటో కోసం చూడ్డం ఎవరికీ బాగుండదు.

కొల్లేటి లంక గ్రామాల వాళ్లకు నా సలహా ఒకటే. ఆ రాత్రికి ఏలూరులోనో, కైకలూరులోనో చుట్టాలింట ఉండిపోండి. ఏలూరు–కైకలూరు రోడ్డు కొల్లేటి మధ్యగా పోతుంది. వానాకాలం వరదకు చిన ఎడ్లగాడి దగ్గర నీళ్లు రోడ్డెక్కాయంటే పగలే కష్టం, రాత్రి అసలు వద్దు. నాటకాలకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉన్న నెలలే మీకు అనువు. చుట్టాలింటికి వెళ్లేటప్పుడు ఫోను చేసి చెప్పండి, "భోజనం చేసే వస్తాం వదినా, పడుకోవడానికే" అని. లేకపోతే ఆవిడ చేపల పులుసు పెట్టుకుని పన్నెండు దాకా కూర్చుంటుంది.

తెర పడ్డాక

గ్రీన్‌రూముకు వెళ్లండి. చాలామంది మొహమాటపడతారు. లోపల కిరీటం తీసి, మొహానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటున్న కృష్ణుడు మీ కోసం ఎదురుచూడడు గానీ, వచ్చినందుకు సంతోషిస్తాడు. ఆయన పగలు బడిలో మాస్టారు కావచ్చు, బ్యాంకులోనో, కోర్టులోనో ఉద్యోగి కావచ్చు. "చాలా బాగుందండీ" అని చెయ్యి కలిపి వచ్చేయకండి. ఏ పద్యం దగ్గర, ఏ మాట దగ్గర బాగుందో చెప్పండి. "కర్ణుడితో మాట్లాడినప్పుడు గొంతు తగ్గించారు చూడండి, అక్కడ" అనండి. ఆయన మళ్లీ ఆ పద్యం పాడేటప్పుడు మీ మాట గుర్తొస్తుంది. హార్మోనిస్టును కూడా పలకరించండి, ఆయన దగ్గరికి ఎవరూ వెళ్లరు.

నటుల్లో ఒకరి ఫోను నంబరు తీసుకోండి. వాళ్ల బృందం మళ్లీ ఎక్కడ ఆడుతోందో కబురు నేరుగా వస్తుంది, జిల్లా పేజీ వెతుక్కోనక్కర్లేదు. నాలుగైదు నాటకాలు చూశాక, మీ ఊళ్లో పదిమంది తోడైతే, అదే బృందాన్ని గూడేనికో, ఏలూరుకో పిలవాలనిపిస్తుంది. పిలవండి. పద్యనాటక బృందమైతే ఒక సాయంత్రానికి సరిపోతుంది, స్టేజీ, మైకులు, రానుపోను ఖర్చులు, భోజనాలు, పారితోషికం చూసుకుంటే చాలు. సురభి వారినైతే ఒక్క పూటకు పిలవకండి. ఆ తెరలు, తీగలు, సెట్లు లారీలో వస్తాయి, బిగించడానికే బోలెడు సమయం పడుతుంది. కనీసం మూడు, నాలుగు రోజులకు మాట్లాడుకుని, రోజుకో నాటకం వేయించుకోండి. హాలు బుక్ చేసే ముందు స్టేజీ లోతు, పైకప్పు ఎత్తు కొలిచి వాళ్లకు చెప్పండి. నారదుడు దిగడానికి పైన చోటుండాలి.